టౌన్ మొత్తం రీవాల్యుయేషన్ అట, మా ఇంటి విలువ మూడింతలు చేశారు. ట్యాక్స్ కూడా మూడింతలేనా?

జెర్సీ_జీడిపప్పు
రీవాల్యుయేషన్ కంపెనీ వాళ్ళ లెటర్ వచ్చింది. సెంట్రల్ జెర్సీలోనే, టౌన్ పేరు చెప్పను, మా వీధి వాళ్ళు సగం మంది ఇక్కడే ఉన్నారు. ఇన్నాళ్ళూ మా ఇంటి అసెస్‌మెంట్ (ట్యాక్స్ కోసం టౌన్ కట్టిన విలువ) 2 లక్షల 10 వేల డాలర్లు. ఇప్పుడు 6 లక్షల 40 వేలట. ఏడాదికి 11,760 కడుతున్నాం, దాన్ని మూడుతో హెచ్చవేస్తే 35 వేలు దాటుతోంది. రాత్రి నిద్ర పట్టలేదు. మా ఆవిడ అయితే అమ్మేసి రెంటుకి పోదామంటోంది. అమ్ముదామన్నా 640కి ఎవరు కొంటారండీ, కిచెన్ క్యాబినెట్లు 1994 నాటివి. లాయర్‌ని చూసుకోవాలా? ఎవరికైనా అనుభవం ఉంటే చెప్పండి.

పులిహోర_పొట్లం
35 వేలు తీసుకుంటే స్కూల్ బోర్డు ప్రెసిడెంటే మీ ఇంటికొచ్చి పిల్లాడికి ఆల్జీబ్రా చెప్పాలి.

కాకినాడ_కాజా
మా కొలీగ్‌కి ఇలాగే వచ్చింది, ఏదో పెరిగింది కానీ మూడింతలు మాత్రం కాదు. ఎందుకో ఆయనకీ తెలీదు.

లెక్కల_పంతులు
జీడిపప్పు గారూ, కంగారు పడకండి, ఆ 35 వేలు రావు. న్యూజెర్సీలో ముందు బడ్జెట్ తేలుతుంది. టౌన్‌కి ఇంత, కౌంటీకి ఇంత, స్కూళ్ళకి ఇంత (చాలా ఊళ్ళల్లో సగానికి పైగా ఇదే) అని వసూలు చేయాల్సిన మొత్తం ఖాయం చేశాక, దాన్ని ఊళ్ళో ఉన్న ఆస్తుల మొత్తం విలువతో భాగిస్తారు. వచ్చేదే రేటు. పిక్నిక్ ఖర్చు పంచుకున్నట్టే, ఖర్చెంతో ముందే తెలుసు, ఎవరి వాటా ఎంతన్నదే తేలాలి.

మీరు చెప్పిన దాన్నిబట్టి ఇప్పటి రేటు 100 డాలర్లకి 5.60. ఊరంతా సగటున మూడింతలైతే ఆ రేటు మూడో వంతుకి, అంటే 1.867 దగ్గరికి పడిపోతుంది. రీవాల్యుయేషన్ వల్ల టౌన్‌కి ఒక్క డాలరు కూడా అదనంగా రాదు. అందరికీ ఒకేలా మూడింతలు అయితే ఎవరి బిల్లూ కదలదు. మీ ఇల్లు సగటు కన్నా ఎక్కువ పెరిగిందా తక్కువ పెరిగిందా అన్నదొక్కటే చూసుకోండి.

జెర్సీ_జీడిపప్పు
640ని 210తో భాగిస్తే 3.05. ఊరి సగటు ఎంతో ఎక్కడ చూడాలి?

లెక్కల_పంతులు
రాష్ట్ర ట్యాక్సేషన్ డివిజన్ వాళ్ళు ఏటా ప్రతి ఊరికీ డైరెక్టర్స్ రేషియో అని ఒకటి ప్రకటిస్తారు. అమ్ముడైన ఇళ్ళ ధరలో అసెస్‌మెంట్ ఎంత శాతం ఉందో అది చెబుతుంది. మీ ఊరిది 33 దగ్గర ఉంటే సగటు మూడింతలని అర్థం. లెటర్ వెనక పేజీలో అంచనా రేటు కూడా ఇచ్చి ఉంటారు చూడండి.

జెర్సీ_జీడిపప్పు
ఉంది సార్, 33.3 అనే ఉంది. అంచనా రేటు 1.867. 640 వేల మీద వేస్తే 11,948. అంటే 188 డాలర్లు పెరుగుతుంది, అంతేనా??? మా ఆవిడకి చూపించాను. "ఈ మాట లెటర్ మొదటి పేజీలో పెద్దక్షరాలతో రాయొచ్చుగా" అంది. ఇల్లు అమ్మకం ప్రస్తుతానికి వాయిదా.

నైట్‌షిఫ్ట్_నారాయణ
తొందరపడి పార్టీ చేసుకోకండి. ఆ 188 పాత బడ్జెట్ మీద లెక్క. కొత్త ఏడాదికి టౌను, స్కూలు బడ్జెట్లు పెంచుకుంటే అది వేరే. ఏటా పెంచడానికి 2 శాతం క్యాప్ (పరిమితి) ఉంది అంటారు కానీ అది వసూలు మొత్తం మీద, పైగా అప్పుల చెల్లింపులూ పెన్షన్లూ హెల్త్ ఇన్సూరెన్స్ పెరుగుదలా లాంటివాటికి మినహాయింపులు ఉన్నాయి. ఆగస్టులో బిల్లు పెరిగితే జనం అంతా రీవాల్యుయేషన్‌ని తిడతారు, బడ్జెట్ మీటింగ్‌కి మాత్రం ఒక్కరూ వెళ్ళరు.

టౌన్‌హౌస్_తాయారు
పైన అందరూ హాయిగా మాట్లాడుకుంటున్నారు. మాదీ జీడిపప్పు గారి టౌనే అనిపిస్తోంది, రేషియో అదే, అంచనా రేటూ అదే. మాది స్టేషన్‌కి పది నిమిషాల నడకలో రెండు బెడ్రూముల టౌన్‌హౌస్. పాత అసెస్‌మెంట్ 140 వేలు, కొత్తది 490 వేలు. మూడున్నర రెట్లు! 7,840 కట్టేదాన్ని, ఇకమీదట 9,148. ఏడాదికి 1,308 ఎక్కువ. దీనిమీద అసోసియేషన్ ఫీజు నెలకి 380. సగటు సగటు అంటున్నారే, సగటుకి అటువైపున్నవాళ్ళ సంగతి ఏంటి?

కొత్త_ఇల్లు_పాత_అప్పు
తాయారు గారూ, మీరు తిట్టినా సరే చెబుతాను. మాది 330 నుంచి 890 అయింది, 2.7 రెట్లే. 18,480 నుంచి 16,616కి తగ్గుతోంది. ఇంట్లో పాయసం వండుకున్నాం.

టౌన్‌హౌస్_తాయారు
అంటే ఐదు బెడ్రూములు, మూడు కార్ల గరాజు ఉన్నవాళ్ళకి 1,864 తగ్గింది, నాకు 1,308 పెరిగింది. భలే న్యాయం. పాయసంలో జీడిపప్పు నా డబ్బులతో వేశారన్నమాట.

జెర్సీ_జీడిపప్పు
నన్ను మధ్యలోకి లాగకండి 😄

కొత్త_ఇల్లు_పాత_అప్పు
అక్కా, కోపం వద్దు కానీ ఒక్కసారి ఇటునుంచి చూడండి. స్టేషన్ దగ్గర ఇళ్ళ ధరలు ఎన్నో ఏళ్ళుగా పెరుగుతూనే ఉన్నాయి, పుస్తకంలో మాత్రం పాత విలువే ఉండిపోయింది. మా పెద్ద ఇళ్ళు అంతగా పెరగలేదు. అంటే ఇన్నాళ్ళూ నేను కట్టాల్సిన దానికన్నా ఎక్కువ కట్టాను, మీరు తక్కువ కట్టారు. ఆ పాత డబ్బు నాకెవరూ తిరిగి ఇవ్వరు. ఇప్పుడు సరిచేశారు, అంతే.

నైట్‌షిఫ్ట్_నారాయణ
ఇందులో పాయింటు ఉంది. కానీ విలువ పెరిగితే తాయారు గారి జీతం పెరగలేదుగా. అమ్మితేనే ఆ 490 చేతికొచ్చేది, ట్యాక్స్ మాత్రం అమ్మకపోయినా కట్టాలి. రిటైరై ఒంటరిగా ఉంటున్నవాళ్ళకి ఇదే పెద్ద దెబ్బ. మా పక్క కాండోలో ఒక పెద్దావిడకి ఇలాగే పెరిగితే సీనియర్ ఫ్రీజ్‌కి అప్లై చేయించాం. 65 దాటి, ఆదాయం పరిమితి లోపు ఉంటే, అర్హత వచ్చిన ఏడాది ఎంత కట్టారో దాన్ని బేస్‌గా పెట్టుకుని, ఆపైన పెరిగింది రాష్ట్రం వెనక్కి ఇస్తుంది. ముందు బిల్లు మొత్తం కట్టాలి, తర్వాతే ఇచ్చేది.

లెక్కల_పంతులు
ఇద్దరూ చెప్పింది నిజమే, కాకపోతే తప్పు ఈ ఏడాది చేసినవాళ్ళది కాదు, ఇన్నేళ్ళు చేయకుండా కూర్చున్నవాళ్ళది. జెర్సీ సిటీ చూడండి. 1988లో చేసి మళ్ళీ 2018కి గానీ పూర్తిచేయలేదు, ముప్పై ఏళ్ళు. రేటు 100 డాలర్లకి 7 పైచిలుకు నుంచి ఒకటిన్నర దగ్గరికి దిగింది. డౌన్‌టౌన్‌లో ఇళ్ళున్నవాళ్ళకి ఒక్కసారిగా వేలల్లో పెరిగింది, గ్రీన్‌విల్ వైపు చాలామందికి తగ్గింది. ఆ ముప్పై ఏళ్ళూ ఎవరి బరువు ఎవరు మోశారో ఆలోచించండి. సోమర్సెట్ కౌంటీలో చాలా ఊళ్ళు ఏటా రీఅసెస్‌మెంట్ చేసుకుంటాయి, అక్కడ ఏటా కాస్త అటూ ఇటూ అవుతుంది తప్ప ఇలా ఒకేసారి నెత్తిన పడదు.

మిగతా ఊళ్ళల్లో ఎవరూ తమంతట తాము చేయరు. ఓట్లు పోతాయని మేయర్లు వాయిదా వేస్తూ ఉంటారు, చివరికి కౌంటీ ట్యాక్స్ బోర్డు ఆదేశం ఇస్తే తప్పక చేస్తారు.

డాలస్_దొర
మీ గోల చూస్తుంటే నవ్వొస్తోంది, మాకు ప్రతి ఏడూ వాల్యుయేషనే. ఏప్రిల్‌లో నోటీసు, మే 15 లోపు ప్రొటెస్ట్. మా ఫ్రిస్కో వైపు అదొక పండగలాగా అందరూ వేస్తారు. సొంతంగా ఉండే ఇంటికి ఏడాదికి 10 శాతం మించి పన్ను విలువ పెంచకూడదు.

బే_ఏరియా_బుల్లోడు
మాకు ఆ బాధే లేదు. కాలిఫోర్నియాలో 1978 నుంచి ప్రాపొజిషన్ 13 అనే చట్టం ఉంది. కొన్న ధరే ఆధారం, ఏటా 2 శాతం మించి పెరగదు. మళ్ళీ అమ్మితేనే కొత్త విలువ.

కాకినాడ_కాజా
అవునవును, 1985లో కొన్న మీ పక్కింటి తాత కట్టేదానికి నువ్వు పదింతలు కడుతుంటావు. అదీ చెప్పు.

బే_ఏరియా_బుల్లోడు
చెప్పను.

ఆకివీడు77
ఇండియా సంగతి కూడా ఒకటి. ఆంధ్రాలో 2021 ఏప్రిల్ నుంచి మున్సిపాలిటీల్లో అద్దె విలువ లెక్క తీసేసి ఆస్తి మూలధన విలువ మీద ఇంటి పన్ను వేస్తున్నారు కదా, రిజిస్ట్రేషన్ విలువే దానికి ఆధారం. ఇళ్ళకైతే ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య. మా నాన్నగారిది బజారు వీధిలో పాత పెంకుటిల్లు. ఇల్లు కూలేలా ఉంది, స్థలం విలువ మాత్రం ఆకాశంలో ఉంది. కొత్త లెక్క ప్రకారం పన్ను రెట్టింపు దాటిందట. ఒకేసారి వేయకుండా ఏడాదికి 15 శాతం మించకూడదని పెట్టారు కాబట్టి మెల్లగా మెట్లెక్కుతోంది. ఏప్రిల్ నెలాఖరులోగా ఏడాదిదంతా కట్టేస్తే 5 శాతం రిబేటని నాన్నగారు మార్చి నుంచే నాకు గుర్తుచేస్తారు.

లెక్కల_పంతులు
ఆకివీడు గారు మంచి మాట తెచ్చారు. మనవాళ్ళు ఇక్కడ లెటర్ చూడగానే హడలిపోవడానికి కారణం అదే. అక్కడ విలువ మీద శాతం, విలువ పెరిగితే పన్నూ పెరగాల్సిందే, క్యాప్ ఉంది కాబట్టి ఆలస్యంగా పెరుగుతుంది. ఇక్కడ వసూలు మొత్తం ముందు ఖాయం, విలువ వాటాలు పంచడానికే. అదే లెక్క తెచ్చి ఇక్కడ వేస్తే జీడిపప్పు గారి 35 వేలు వస్తాయి.

బేస్‌మెంట్_బాబాయ్
నాదొక డౌటు. మా టౌన్‌లో ఇన్‌స్పెక్షన్లు వచ్చే నెల మొదలట. మా బేస్‌మెంట్ ఫినిష్ చేయించాను. హోమ్ థియేటర్, ఫుల్ బాత్, చిన్న బార్ కౌంటర్. పర్మిట్... మరి... ఆ రోజుల్లో కాంట్రాక్టరు అక్కర్లేదన్నాడు. లోపలికి రానివ్వకపోతే ఏమవుతుంది?

పులిహోర_పొట్లం
బార్ కౌంటర్ ఉందని ఇన్నాళ్ళూ దాచావా బాబాయ్, ట్యాక్స్ కన్నా అది పెద్ద నేరం.

నైట్‌షిఫ్ట్_నారాయణ
బలవంతంగా రారు. రానివ్వకపోతే బయట నుంచి చూసి లోపల ఏముందో అంచనా కడతారు, ఆ అంచనా నీవైపు ఉంటుందని ఆశపడకు. మా వీధిలో ఒకాయన తలుపు తీయలేదు, బేస్‌మెంట్ మొత్తం ఫినిష్ అయినట్టు రాసేశారు. ఆయన ఇంట్లో కిందంతా సూట్‌కేసులూ బియ్యం బస్తాలే.

కొత్త_ఇల్లు_పాత_అప్పు
మా ఇంటికి వచ్చినప్పుడు సత్యనారాయణ వ్రతం జరుగుతోంది. ఐడీ కార్డు చూపించాడు, షూస్ విప్పమంటే విప్పాడు, గదులూ బాత్రూములూ లెక్కపెట్టుకున్నాడు. మా అత్తగారు ప్రసాదం చేతిలో పెడితే తినేసి ఇంకొంచెం అడిగాడు. విలువ తగ్గడానికి ఆ ప్రసాదమే కారణమని ఆవిడ గట్టి నమ్మకం.

లెక్కల_పంతులు
బాబాయ్, వాళ్ళు చూసేది విలువ, పర్మిట్ విషయం కట్టడాల విభాగానిది. కానీ రెండూ ఒకే బిల్డింగులో ఉంటాయి, అమ్మేటప్పుడు ఎలాగూ బయటపడుతుంది. ఇప్పుడే పర్మిట్ క్లోజ్ చేయించుకోవడం మేలు. వాళ్ళు వెళ్ళాక మీ ఇంటి ప్రాపర్టీ కార్డు కాపీ అడిగి తీసుకోండి, ఇది అందరికీ చెబుతున్నా. చదరపు అడుగులు, బాత్రూములు, డెక్, ఫైర్‌ప్లేస్ అన్నీ అందులో ఉంటాయి. మా ఇంట్లో లేని ఫైర్‌ప్లేస్ కార్డులో ఉంది. అలాంటి తప్పులకి అప్పీలు కూడా అక్కర్లేదు, కంపెనీ వాళ్ళతో మాట్లాడే మీటింగులోనే సరిచేస్తారు.

టౌన్‌హౌస్_తాయారు
ఆ మీటింగుకి టైమ్ తీసుకున్నాను. వెళ్ళి ఏం చెప్పాలి? ట్యాక్స్ ఎక్కువైంది, కట్టలేను అని చెప్పడమేనా?

లెక్కల_పంతులు
అది మాత్రం అనకండి. ట్యాక్స్ ఎక్కువన్నది అక్కడా వినరు, తర్వాత కౌంటీ బోర్డులోనూ వినరు. పక్కింటి అసెస్‌మెంట్ తక్కువ ఉందన్నా పనికిరాదు. అడిగేది ఒక్కటే, కిందటేడు అక్టోబర్ 1న మీ ఇల్లు మార్కెట్లో ఎంతకి పోయేది? దానికి దగ్గర్లో అమ్ముడైన మీలాంటి ఇళ్ళు మూడు నుంచి ఐదు చూపించాలి. మీకు అదృష్టం ఏంటంటే టౌన్‌హౌస్ కాబట్టి అదే కాంప్లెక్సులో అదే మోడల్ దొరుకుతుంది. జిల్లో వెబ్‌సైట్ అంచనా పట్టుకెళ్ళొద్దు, నిజంగా రిజిస్టరైన అమ్మకాలు కావాలి.

జెర్సీ_జీడిపప్పు
నేను కూడా వెళ్ళాలా మీటింగుకి? 188 డాలర్లకి?

కాకినాడ_కాజా
1994 క్యాబినెట్ల ఫొటోలు తీసుకెళ్ళండి, జాలిపడి ఓ 20 వేలు తగ్గిస్తారేమో. మీ రేటుకి 20 వేలంటే ఏడాదికి 373 డాలర్లు. 188 పెరగాల్సింది పోయి తగ్గుతుంది.

నైట్‌షిఫ్ట్_నారాయణ
ఎవరూ చెప్పని సంగతి ఒకటి, ఆగస్టు బిల్లు. న్యూజెర్సీలో ఫిబ్రవరి, మే, ఆగస్టు, నవంబర్ ఒకటో తారీఖుల్లో కడతాం. మొదటి రెండూ కిందటేడు ట్యాక్స్‌లో సగం, అంచనాగా తీసుకునేవి. కొత్త రేటు వచ్చేది వేసవిలో. కాబట్టి ఏడాది మొత్తం తేడా చివరి రెండు బిల్లుల్లోనే పడుతుంది. తాయారు గారి లెక్కే చూడండి, ఇప్పుడు క్వార్టర్‌కి 1,960. ఫిబ్రవరి, మే అంతే కడతారు. ఆగస్టులో ఒక్కసారిగా 2,614 వస్తుంది, నవంబర్‌లో మళ్ళీ 2,614. చూసి గుండె పట్టుకోకండి, వచ్చే ఫిబ్రవరికి అది 2,287కి దిగుతుంది.

ఎస్క్రోలో ఉన్నవాళ్ళకి (లోను కంతుతో పాటు ట్యాక్స్ డబ్బూ నెలనెలా తీసుకుని బ్యాంకే కట్టేది) ఇంకో షాక్. బ్యాంకు వాళ్ళు ఏడాదికోసారి లెక్క చూసుకుని, తక్కువపడింది ఒకటి, ఇకమీద కట్టాల్సింది ఒకటి, రెండూ కలిపి నెలవారీలో వేస్తారు. చేతిలో డబ్బుంటే తక్కువపడింది ఒకేసారి కట్టేయండి, నెలవారీ కాస్త తగ్గుతుంది.

టౌన్‌హౌస్_తాయారు
నారాయణ గారూ ఇది మాకు ఎవరూ చెప్పలేదు. ఆగస్టులో ఆ బిల్లు చూసుంటే టౌన్ హాల్ ముందు ధర్నాకి కూర్చునేదాన్ని.

పులిహోర_పొట్లం
ధర్నాకి పులిహోర నాది.

డాలస్_దొర
ఇంటి పన్ను భారం తగ్గించడానికి న్యూజెర్సీ ఇచ్చే యాంకర్ డబ్బులేవో వస్తాయంటారు కదా మీకు?

కాకినాడ_కాజా
వస్తాయి. సొంతింటివాళ్ళకి ఆదాయం లక్షన్నర లోపైతే 1,500, రెండున్నర లక్షల లోపైతే 1,000. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఐటీ అయితే ఏమీ రాదు, మా ఇంట్లో దాన్ని లంగరు అని పిలుస్తాం, పడవ మాత్రం కదలదు.

నైట్‌షిఫ్ట్_నారాయణ
ఫెడరల్ రిటర్నులో రాష్ట్ర పన్నూ ఇంటి పన్నూ కలిపి చూపించుకునే పరిమితి 2018 నుంచి 10 వేలుండేది, 2025కి 40 వేలు చేశారు. ఐటమైజ్ చేసేవాళ్ళకి (మినహాయింపులు విడివిడిగా చూపించేవాళ్ళకి) పెరిగిన దాంట్లో కొంత అలా వెనక్కొస్తుంది. మరీ ఎక్కువ ఆదాయం ఉంటే మళ్ళీ తగ్గుతుంది, మీ సీపీఏని (ట్యాక్స్ అకౌంటెంట్‌ని) అడగండి.

టౌన్‌హౌస్_తాయారు
మీటింగు అయింది. అదే కాంప్లెక్సు, అదే మోడల్, ఆగస్టులో 455కి, సెప్టెంబర్‌లో 462కి అమ్ముడైనవి చూపించాను. మాకు ఎండ్ యూనిట్ (వరస చివరి ఇల్లు) అని రాసుకున్నారు, మాది మధ్యది! అది కూడా చెప్పాను. అతను పెద్దగా మాట్లాడలేదు, సరే చూస్తాం అన్నాడు. ఇవాళ లెటర్ వచ్చింది, 490ని 472 చేశారు. బిల్లు 8,812. ఇంకా బోర్డుకి వెళ్ళాలా, ఇక్కడితో ఆపేయాలా?

కొత్త_ఇల్లు_పాత_అప్పు
ఆపేయండక్కా. 336 తగ్గింది కదా.

లెక్కల_పంతులు
మీ రెండు అమ్మకాల ప్రకారం విలువ 460 దగ్గర. గెలిస్తే ఇంకో 224 మిగులుతుంది, ఏడాదికి. మామూలు ఏడాదైతే 15 శాతం అటూ ఇటూ వెసులుబాటు అసెసర్‌కి (టౌన్ తరఫున విలువ కట్టే అధికారికి) ఉంటుంది, ఇలాంటి కేసు నిలబడదు. రీవాల్యుయేషన్ ఏడాది ఆ వెసులుబాటు లేదు, నేరుగా మార్కెట్ విలువే. పైగా గెలిస్తే ఆ విలువ ఫ్రీజ్ యాక్ట్ కింద తర్వాత రెండేళ్ళు కూడా నిలుస్తుంది. కానీ బోర్డుకి పెంచే అధికారం కూడా ఉంది, అది గుర్తుంచుకోండి. అదే కాంప్లెక్సులో 475 దాటిన అమ్మకం ఏదైనా ఉంటే అసెసర్ దాన్నే పట్టుకుంటాడు.

టౌన్‌హౌస్_తాయారు
లేదు, వెతికాను. ఫీజు ఎంత?

లెక్కల_పంతులు
అసెస్‌మెంట్ లక్షన్నర నుంచి 5 లక్షల లోపు అయితే 25 డాలర్లు. ఆపైన మిలియన్ లోపు 100. మామూలుగా ఏప్రిల్ 1 ఆఖరి తేదీ, రీవాల్యుయేషన్ జరిగిన ఊళ్ళకి మే 1. మన్మత్ కౌంటీ వాళ్ళది వేరే, అక్కడ జనవరి 15కే అయిపోతుంది, అక్కడివాళ్ళెవరైనా చదువుతుంటే మే దాకా ఆగకండి.

టౌన్‌హౌస్_తాయారు
అయితే వేస్తున్నా. 25 డాలర్లు, ఒక రోజు లీవు. మా వారు వద్దంటున్నారు, ఆయన ప్రతిదీ వద్దంటారు.

లెక్కల_పంతులు
ఫిబ్రవరి ట్యాక్స్ కట్టి ఉండాలి, బకాయి ఉంటే కేసు కొట్టేస్తారు. అమ్మకాల వివరాలు హియరింగ్‌కి కనీసం 7 రోజుల ముందు బోర్డుకీ అసెసర్‌కీ అందాలి, ఆ రోజు చేతిలో పట్టుకెళ్తే తీసుకోరు. మధ్య యూనిట్ అన్నది కార్డులో సరిచేశారో లేదో ఇంకోసారి చూసుకోండి.

బేస్‌మెంట్_బాబాయ్
పర్మిట్ ఆఫీసుకి ఫోన్ చేశాను. బార్ కౌంటర్‌కి ప్లంబింగ్ ఇన్‌స్పెక్షన్ విడిగా కావాలట. ఎవరికైనా తెలిసిన మంచి ప్లంబర్ ఉంటే నంబరు ఇక్కడ పెట్టకండి, నాకు మెసేజ్ చేయండి.